స్థూలకాయ శస్త్రచికిత్సకు ముందు ఆహారపు అలవాట్ల మార్పు

స్థూలకాయ శస్త్రచికిత్స అనగా అధిక బరువును తగ్గించుటకు జీర్ణాశయం పరిమాణాన్ని కుదించుట, లేదా ఆహారం చిన్నప్రేగులోనికి వెళ్ళే మార్గాన్ని మార్చుట. దీనినే బేరియాట్రిక్ శస్త్రచికిత్స అని కూడా అంటారు. గ్రీకు భాషలో 'బారోస్' అంటే బరువు, 'ఇయాట్రోస్' అంటే వైద్యుడు. ఈ శస్త్రచికిత్స సాధారణంగా ఒకటి రెండు గంటల్లో ముగుస్తుంది. కానీ దానికి సిద్ధమగుటకు కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు పడుతుంది. ఈ సిద్ధపాటులో ముఖ్యమైనది తినే తీరును మార్చుకొనుట. శస్త్రచికిత్స జీర్ణాశయాన్ని చిన్నది చేస్తుంది గాని అలవాటును మార్చదు. అలవాటును రోగి తానే మార్చుకోవాలి. అందుకు తగిన సమయం శస్త్రచికిత్సకు ముందు కాలమే.

నేపథ్యం

బరువు తగ్గుట కొరకు ప్రేగులపై శస్త్రచికిత్స చేయుట 1954 ప్రాంతంలో అమెరికాలో మొదలైంది. తొలి పద్ధతిలో చిన్నప్రేగులో ఎక్కువ భాగాన్ని దాటవేసేవారు. దాని వలన పోషకాహార లోపాలు, కాలేయ వ్యాధులు తీవ్రంగా వచ్చుటచే ఆ పద్ధతిని తరువాత విడిచిపెట్టారు. 1966లో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్, ఇటో అను వైద్యులు గ్యాస్ట్రిక్ బైపాస్ పద్ధతిని ప్రారంభించారు. 1990వ దశకంలో లాపరోస్కోపు ద్వారా, చిన్న రంధ్రాలతోనే ఈ చికిత్స చేయుట సాధ్యమైంది.

ప్రస్తుతం ఎక్కువగా చేసేవి రెండు రకాలు.
* స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ: జీర్ణాశయంలో సుమారు 75 నుండి 80 శాతం భాగాన్ని తొలగించి, మిగిలినదానిని సన్నని గొట్టం ఆకారంలో ఉంచుతారు. ఆకలిని కలిగించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా తొలగిపోవుట వలన కొంతకాలం ఆకలి తగ్గుతుంది.
* గ్యాస్ట్రిక్ బైపాస్: జీర్ణాశయం పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచిని ఏర్పరచి, దానిని నేరుగా చిన్నప్రేగుకు కలుపుతారు.

శస్త్రచికిత్స ఎవరికి అవసరమో నిర్ణయించుటకు శరీర ద్రవ్యరాశి సూచికను చూస్తారు. కిలోగ్రాములలో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తు యొక్క వర్గంతో భాగిస్తే ఈ సూచిక వస్తుంది. ఉదాహరణకు 1.6 మీటర్ల ఎత్తు, 96 కిలోల బరువు ఉన్నవారి సూచిక 37.5. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిర్ణయించిన ప్రకారం సూచిక 40 దాటినవారు, లేదా 35 దాటి తీవ్రమైన అనుబంధ వ్యాధులు ఉన్నవారు ఈ చికిత్సకు అర్హులు. 2022లో అమెరికా, అంతర్జాతీయ శస్త్రచికిత్సా సంఘాలు కలిసి ఈ హద్దులను తగ్గించాయి. ఆసియా వాసులలో తక్కువ బరువుకే మధుమేహం వంటి వ్యాధులు వచ్చుటచే, సూచిక 27.5 దాటినవారికి కూడా ఈ చికిత్సను సూచించవచ్చునని పేర్కొన్నాయి. భారతదేశంలో ఆరోగ్య బీమా విషయంలో మాత్రం పాత హద్దులే కనిపిస్తాయి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ప్రమాణీకరించిన నిబంధనలో సూచిక 40, లేదా తీవ్రమైన అనుబంధ వ్యాధులతో 35 అని ఉంది. శస్త్రచికిత్స కాని ఇతర మార్గాలు విఫలమై ఉండాలన్న షరతు కూడా అందులో ఉంది.

ఈ విషయం తెలుగువారికి దూరమైనది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 24 శాతం మహిళలు అధిక బరువు లేదా స్థూలకాయం గలవారు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో ఇది 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం.

ముందే మార్చుకోవలసిన అవసరం

శస్త్రచికిత్స తరువాత మొదటి సంవత్సరంలో బరువు త్వరగా తగ్గుతుంది. ఆకలి తక్కువగా ఉంటుంది, కొద్దిగా తినగానే కడుపు నిండుతుంది. ఈ దశలో అలవాట్లు మారినట్లే కనిపిస్తాయి. కాలం గడిచేకొద్దీ ఆకలి కొంత తిరిగి వస్తుంది, ఒకసారి తినగలిగే పరిమాణం కూడా కొంత పెరుగుతుంది. అప్పుడు పాత అలవాటు మిగిలి ఉంటే అది మళ్ళీ పైకి వస్తుంది.

స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక దీర్ఘకాల అధ్యయనం ఈ సంగతిని చూపింది. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ళ తరువాత చూస్తే ఆ తగ్గుదల 25 శాతంగా ఉంది. అంటే చికిత్స ఫలితం చాలావరకు నిలిచింది, కొంత భాగం తిరిగి వచ్చింది. ఇదే అధ్యయనంలో శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో మరణాలు కూడా చేయించుకోనివారి కంటె తక్కువగా ఉన్నట్లు 2007లో ప్రకటించారు. బరువు కొంత తిరిగి వచ్చుటకు శరీర ధర్మం కూడా కారణమే గాని, తినే తీరు ఒక్కటే రోగి చేతిలో ఉన్నది.

చిన్నదైన జీర్ణాశయం కొన్నింటిని అడ్డుకోలేదు. పెద్ద పళ్ళెం నిండా అన్నాన్ని అది ఆపగలదు గాని పండ్ల రసం, ఐస్‌క్రీం, చక్కెర కలిపిన టీ, మిఠాయి వంటి జారిపోయే పదార్థాలను ఆపలేదు. రోజంతా కొద్దికొద్దిగా చిరుతిండి తినే అలవాటును కూడా ఆపలేదు.

కాలేయం, తక్కువ శక్తినిచ్చే ఆహారం

శస్త్రచికిత్సకు ముందు చివరి రెండు వారాలు, కొన్ని చోట్ల నాలుగు వారాలు, రోగికి ప్రత్యేక ఆహారాన్ని నిర్ణయిస్తారు. సాధారణంగా ఇది రోజుకు 800 నుండి 1,000 కిలోకాలరీలను మాత్రమే ఇస్తుంది. ఇందులో మాంసకృత్తులు ఎక్కువగా, పిండిపదార్థాలు, కొవ్వు తక్కువగా ఉంటాయి.

దీనికి కారణం కాలేయం. స్థూలకాయులలో చాలామందికి కాలేయంలో కొవ్వు చేరి అది పెద్దదవుతుంది. కాలేయం యొక్క ఎడమ భాగం సరిగ్గా జీర్ణాశయం పైన ఉంటుంది. లాపరోస్కోపుతో పనిచేసే వైద్యుడు జీర్ణాశయాన్ని చూడాలంటే ఆ భాగాన్ని పైకి ఎత్తి పట్టుకోవాలి. అది పెద్దదిగా, బరువుగా ఉంటే సులభంగా చీరుకుపోయి రక్తస్రావం కావచ్చు. దారి కనిపించక పొట్టను పెద్దగా కోయవలసి రావచ్చు, లేదా శస్త్రచికిత్సను మధ్యలో విరమించవలసి రావచ్చు.

కాలేయంలో గ్లైకోజన్ అనే పిండిపదార్థం నిలువ ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు చేరి ఉంటుంది. ఆహారంలో పిండిపదార్థాలు తగ్గగానే మొదట ఈ నిలువ, దానితో నీరు, తరువాత కొవ్వు తగ్గి కాలేయం కుంచించుకుపోతుంది. 2006లో ప్రచురించిన ఒక పరిశోధనలో 32 మందికి 12 వారాలు ఇటువంటి ఆహారం ఇచ్చి కాలేయాన్ని కొలవగా, మొత్తం తగ్గుదలలో 80 శాతం మొదటి రెండు వారాలలోనే జరిగింది. రెండు వారాల నియమం విస్తృతంగా అమలులోకి రావుటకు ఇటువంటి ఫలితాలే ఆధారం.

కావున శస్త్రచికిత్సకు ముందు రోజుల్లో 'ఇక మీద తినలేము గదా' అని విందులు చేసుకొనుట ప్రమాదకరం. పాశ్చాత్య దేశాలలో దీనిని 'కడపటి విందు' ధోరణి అంటారు. మన వైపు కూడా పెళ్ళిళ్ళు, పండుగలు చూసుకుని శస్త్రచికిత్స తేదీని నిర్ణయించుకొనుట, ఆ లోపల ఇష్టమైనవన్నీ తినుట జరుగుతుంది. రెండు మూడు రోజుల భారీ భోజనంతో గ్లైకోజన్ నిలువలు మళ్ళీ నిండుతాయి.

ఈ ఆహారాన్ని వైద్యుని పర్యవేక్షణ లేకుండా సొంతంగా పాటించరాదు. గర్భిణులు, మూత్రపిండ వ్యాధులు ఉన్నవారి విషయంలో ఇది మరింత ముఖ్యం.

అలవాట్లను గుర్తించుట

మార్పునకు మొదటి మెట్టు ఇప్పటి అలవాటును ఉన్నదున్నట్లు తెలుసుకొనుట. దీనికి ఆహార నిపుణులు ఒక పుస్తకంలో రోజువారీ వివరాలు రాయమంటారు. ఏమి తిన్నారు, ఎంత తిన్నారు, ఏ వేళ తిన్నారు, ఎక్కడ కూర్చుని తిన్నారు, ఆకలితో తిన్నారా లేక వేరే కారణంతోనా అని రాయాలి. 'నేను రెండు పూటలే తింటాను' అనే వారి పుస్తకంలో కూడా లెక్కకు రానివి ఎన్నో బయటపడతాయి. వంట చేస్తూ రుచి చూచినవి, పిల్లలు వదిలినవి, ఆఫీసులో టీతో బిస్కట్లు, సాయంత్రం మిరపకాయ బజ్జీలు, రాత్రి టీవీ ముందు జంతికలు ఇటువంటివి.

టీ, కాఫీల లెక్క ఒక మంచి ఉదాహరణ. ఒక చెంచా చక్కెర సుమారు 5 గ్రాములు, అనగా 20 కిలోకాలరీలు. రోజుకు ఐదు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చొప్పున తాగేవారు చక్కెర రూపంలోనే 50 గ్రాములు, అంటే 200 కిలోకాలరీలు తీసుకుంటారు. పాలు దీనికి అదనం. వంటలో ఒక పెద్ద చెంచా నూనె సుమారు 120 కిలోకాలరీలకు సమానం. ఆవకాయ పైన తేలే నూనె, వేడి అన్నంలో వేసుకునే నెయ్యి కూడా ఈ లెక్కలోనివే.

తినే తీరు

శస్త్రచికిత్స తరువాత తప్పనిసరి అయ్యే పద్ధతులను ముందే అభ్యాసం చేయాలి. వాటిలో ముఖ్యమైనవి:
* ముద్ద చిన్నదిగా ఉండాలి. ప్రతి ముద్దను 20 నుండి 30 సార్లు నమలాలి. సరిగా నమలని ముద్ద కొత్త జీర్ణాశయంలో అడ్డుపడి నొప్పి, వాంతి కలుగుతాయి.
* ఒక భోజనానికి 20 నుండి 30 నిమిషాలు తీసుకోవాలి. కడుపు నిండిన సంగతి మెదడుకు చేరుటకు కొంత సమయం పడుతుంది.
* భోజనం మధ్యలో నీరు తాగరాదు. తిన్న తరువాత అరగంట ఆగి తాగాలి. చిన్న సంచిలో నీటికీ ఆహారానికీ కలిపి చోటు ఉండదు.
* మిగిలిన సమయంలో నీటిని గుక్కగుక్కగా తాగుతూ ఉండాలి. శస్త్రచికిత్స తరువాత చెంబుడు నీళ్ళు ఒక్కసారిగా తాగుట సాధ్యం కాదు. అయినా రోజుకు సుమారు లీటరున్నర ద్రవం అవసరం.
* వేళకు తినాలి. ఉదయం ఏమీ తినకుండా ఉండి రాత్రి ఎక్కువగా తినే అలవాటును మార్చుకోవాలి.
* గ్యాసు నిండిన శీతల పానీయాలు, మద్యం, పొగతాగుట మానాలి. బైపాస్ తరువాత మద్యం రక్తంలోకి చాలా వేగంగా చేరుతుంది. పొగతాగుట వలన కుట్లు మానుట ఆలస్యమవుతుంది, పుండ్లు పడవచ్చు.

తెలుగువారి భోజనంలో మార్పులు

తెలుగు భోజనంలో పప్పు, కూర, పులుసు లేదా చారు, పెరుగు వరుసగా వస్తాయి. ప్రతి దానితోను అన్నం కలుస్తుంది. పప్పన్నం, కూరన్నం, చారన్నం, పెరుగన్నం అని నాలుగు మార్లు వడ్డించుకొనునది అన్నమే. స్లీవ్ శస్త్రచికిత్స తరువాత జీర్ణాశయంలో 100 నుండి 150 మిల్లీలీటర్ల చోటు మాత్రమే ఉంటుంది. మొదటి నాలుగు ముద్దలు అన్నమే అయితే మాంసకృత్తులకు చోటు మిగలదు.

శస్త్రచికిత్స తరువాత రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అవసరమని సూచిస్తారు. అవి చాలకపోతే కొవ్వుతో పాటు కండరాలు కూడా కరుగుతాయి, నీరసం వస్తుంది, జుట్టు రాలవచ్చు. 100 గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు 7 నుండి 8 గ్రాములు మాత్రమే. బియ్యంతోనే 60 గ్రాములు పొందాలంటే సుమారు 800 గ్రాముల బియ్యం వండుకోవాలి. దానితో వచ్చే శక్తి 2,800 కిలోకాలరీలు. కావున ఆహారంలో క్రమాన్ని మార్చాలి. ముందు మాంసకృత్తులు, తరువాత కూరగాయలు, చివర కొద్దిగా అన్నం లేదా రొట్టె తినాలి. పప్పును అన్నంలో కలుపుకొనక, గిన్నెలో పోసుకుని చెంచాతో తినుట మంచి ప్రారంభం.

కొన్ని పదార్థాలలో మాంసకృత్తులు సుమారుగా ఇలా ఉంటాయి:
* కోడిగుడ్డు, ఒకటి: 6 గ్రాములు
* కందిపప్పు, 100 గ్రాములు: 21 నుండి 22 గ్రాములు
* పెసరపప్పు, 100 గ్రాములు: 24 గ్రాములు
* ఉలవలు, 100 గ్రాములు: 22 గ్రాములు
* పనీర్, 100 గ్రాములు: 18 గ్రాములు
* పెరుగు, 100 గ్రాములు: 3 గ్రాములు
* చేప, 100 గ్రాములు: 18 నుండి 20 గ్రాములు
* సోయా మీల్‌మేకర్, 100 గ్రాములు: సుమారు 50 గ్రాములు

పప్పుధాన్యాల లెక్కలు వండక ముందువి. ఉడికిన తరువాత నీరు చేరుటచే అదే బరువులో మాంసకృత్తులు తక్కువగా ఉంటాయి. పలుచని పప్పుచారులో మరీ తక్కువ. తక్కువ నూనెతో వేసిన పెసరట్టు, ఉడికించిన శనగలు, గట్టి పప్పు, గుడ్డు, పులుసులోని చేప ముక్కలు మన ఇళ్ళలో దొరికే మంచి ఆధారాలు.

చిరుధాన్యాల గురించి ఒక అపోహ ఉంది. రాగులు, జొన్నలు, కొర్రలలో పీచు, ఖనిజాలు ఎక్కువగా ఉండుట నిజమే. కానీ సమానమైన బరువులో వాటి శక్తి బియ్యానికి దాదాపు దగ్గరగానే ఉంటుంది. అన్నానికి బదులు రెండు పెద్ద గ్లాసుల రాగి జావ తాగుట వలన పిండిపదార్థాలు పెద్దగా తగ్గవు. తేనె కలిపిన నిమ్మనీరు, చెరకు రసం, పండ్ల రసాలు కూడా చక్కెర కిందకే వస్తాయి. బైపాస్ తరువాత ఇటువంటి తీపి పదార్థాలు ఒక్కసారిగా చిన్నప్రేగులోనికి చేరినప్పుడు చెమటలు, గుండెదడ, కడుపునొప్పి, విరేచనాలు కలగవచ్చు. దీనిని డంపింగ్ సిండ్రోం అంటారు.

విటమిన్లు, మందులు

స్థూలకాయులలో పోషకాహార లోపం ఉండదనుకొనుట పొరపాటు. విటమిన్ డి, ఇనుము, బి12, ఫోలేట్ లోపాలు వీరిలో తరచుగా కనిపిస్తాయి. శాకాహారులలోను, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడేవారిలోను బి12 లోపం ఎక్కువ. శస్త్రచికిత్స తరువాత ఈ లోపాలు మరింత పెరుగుతాయి కనుక ముందే రక్తపరీక్షలు చేసి సరిదిద్దుతారు.

విటమిన్ బి1, అనగా థయామిన్, ప్రత్యేకంగా చెప్పదగినది. శరీరంలో దీని నిలువ కొద్ది వారాలకే సరిపోతుంది. శస్త్రచికిత్స తరువాత వాంతులు ఆగకపోతే ఇది తరిగిపోయి మెదడుకు, నరాలకు హాని కలుగుతుంది. 20వ శతాబ్దపు తొలి భాగంలో ఉత్తర సర్కారు జిల్లాలలో బాగా మరపట్టిన బియ్యం తినేవారికి ఈ విటమిన్ లోపం వలననే బెరిబెరి వ్యాధి వచ్చేది. ఆ వ్యాధిపై పరిశోధనకు 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో ప్రారంభించిన చిన్న విభాగమే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయినది.

ఆహారం తగ్గినప్పుడు మందుల మోతాదు కూడా మారాలి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటి మందులను పాత మోతాదులోనే వాడితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు వాడేవారిలో పిండిపదార్థాలు బాగా తగ్గితే రక్తంలో కీటోన్లు పెరిగి ప్రాణాపాయం కలగవచ్చు. అప్పుడు చక్కెర స్థాయి మామూలుగానే కనిపించవచ్చు కనుక దీనిని గుర్తించుట కష్టం. వీటిని శస్త్రచికిత్సకు కనీసం మూడు నాలుగు రోజుల ముందే ఆపుతారు. రక్తపోటు మందులను కూడా తగ్గించవలసి రావచ్చు. బరువు తగ్గుటకు సెమాగ్లుటైడ్ వంటి సూదిమందులు వాడుతున్నవారు ఆ సంగతి మత్తు వైద్యునికి తప్పక చెప్పాలి. ఇవి జీర్ణాశయం ఖాళీ అగుటను ఆలస్యం చేస్తాయి. మందుల మార్పులన్నీ వైద్యుడే చేయాలి.

మనసు, ఆకలి

తినుటకు ఆకలి ఒక్కటే కారణం కాదు. దిగులు, ఒంటరితనం, కోపం, విసుగు వలన కూడా తింటారు. అమెరికా మనోవైద్యుడు ఆల్బర్ట్ స్టంకర్డ్ 1955లో రాత్రి వేళల్లో అధికంగా తినే లక్షణాన్ని, 1959లో అదుపు తప్పి ఒక్కసారిగా తినే లక్షణాన్ని వర్ణించాడు. ఇవి బలహీనతలు కావు, చికిత్స గల సమస్యలు. అందుకే చాలా ఆసుపత్రులలో శస్త్రచికిత్సకు ముందు మనస్తత్వ నిపుణులతో మాట్లాడిస్తారు. ఇటువంటి అలవాటును దాచిపెట్టిన రోగికి చికిత్స తరువాత ఇబ్బంది ఎక్కువ. దుఃఖం వచ్చినప్పుడు ఓదార్పు ఇచ్చిన తిండి దూరమవుతుంది, దాని స్థానంలో మరొకటి సిద్ధంగా ఉండదు. కొందరిలో ఆ స్థానాన్ని మద్యం ఆక్రమిస్తుంది. నడక, సంగీతం, స్నేహితులతో మాట్లాడుట వంటి వేరే మార్గాలను ముందే వెతుక్కోవాలి.

కుటుంబం పాత్ర

ఇంట్లో వంట మారకుండా ఒక్కరి పళ్ళెం మారుట కష్టం. మన ఇళ్ళలో 'ఇంకొంచెం వేసుకోండి' అని కొసరి వడ్డించుట ప్రేమకు గుర్తు. వద్దనుట అమర్యాదగా తోస్తుంది. కావున రోగితో పాటు వంట చేసేవారు కూడా ఆహార నిపుణుల వద్దకు వెళ్ళుట మేలు. వంట చేసే గృహిణే రోగి అయినప్పుడు ఇబ్బంది రెట్టింపు అవుతుంది. అందరికీ వండి, తనకు వేరుగా వండుకొనుట ఎక్కువ కాలం సాగదు. నూనె, చక్కెర తగ్గించిన వంటను ఇంటిల్లిపాదీ తినుట, వడ్డించే బాధ్యతను మరొకరు తీసుకొనుట ఆచరణకు సులభమైన మార్గాలు. వారానికి ఒకటి రెండు రోజులు ఉపవాసం ఉండేవారు ఆ సంగతిని వైద్యునికి చెప్పాలి. పగలంతా ఉపవాసం ఉండి రాత్రి అట్లు, ఉప్మా కడుపునిండా తినుట ఈ చికిత్సకు పనికిరాదు.

భిన్నాభిప్రాయాలు

శస్త్రచికిత్సకు ముందు ఇంత బరువు తగ్గి తీరాలి అనే షరతు విషయంలో నిపుణులు అంగీకరించరు. అమెరికాలో అనేక బీమా సంస్థలు మూడు నుండి ఆరు నెలల పాటు బరువు తగ్గే ప్రయత్నం చేసినట్లు రుజువు అడిగేవి. ఇటువంటి షరతుకు శాస్త్రీయ ఆధారం లేదని, దీనివలన అవసరమైన చికిత్స ఆలస్యమవుతున్నదని అక్కడి శస్త్రచికిత్సా సంఘం 2016లో ప్రకటించింది. ముందుగా బరువు తగ్గలేనివారు తరువాత కూడా విఫలమౌతారని చెప్పుటకు వీలు లేదు. ఎన్నో ఏళ్ళు ఆహార నియమాలతో ప్రయత్నించి ఫలితం లేకనే వారు శస్త్రచికిత్సకు వస్తారు. కాలేయాన్ని కుదించుటకు ఇచ్చే స్వల్పకాల ఆహారం, అలవాట్లపై శిక్షణ వేరు. బరువు తగ్గుటను అర్హత పరీక్షగా పెట్టుట వేరు.

శస్త్రచికిత్స తరువాత

శస్త్రచికిత్స తరువాత మొదట పలుచని ద్రవాలు, తరువాత చిక్కని ద్రవాలు, మెత్తగా చిదిమినవి, మెత్తని పదార్థాలు, చివరకు మామూలు ఆహారం అను క్రమంలో ఇస్తారు. దీనికి సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. విటమిన్ మాత్రలు జీవితాంతం వాడాలి. ముందుగా నెమ్మదిగా నమలుట, నీటిని వేరుగా తాగుట, పప్పును ముందు తినుట అలవడినవారికి ఈ దశ కొత్తగా ఉండదు. అలవాటు లేనివారు నొప్పి, వాంతుల మధ్య వీటిని నేర్చుకోవలసి వస్తుంది.

ఇవి కూడా చూడండి
* స్థూలకాయం
* శరీర ద్రవ్యరాశి సూచిక
* మధుమేహం
* కాలేయం
* మాంసకృత్తులు
* బెరిబెరి
* జాతీయ పోషకాహార సంస్థ